గుర్తే తప్పు చెబితే: ఒక పాత ఇంజన్ టైమింగ్ కేసు

కారు నా దగ్గరికి వచ్చేసరికే దాని మీద చాలా పని జరిగి ఉంది. రేడియేటర్ కడిగారు, థర్మోస్టాట్ మార్చారు, కార్బురేటర్ విప్పి బిగించారు. అయినా అరగంట నడిపితే వేడి ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేదు. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్ మని పేలుళ్ళు. ఓనరుగారు ఓపికున్న మనిషి. డాష్‌బోర్డు అరలో మాన్యువల్ పెట్టుకుని తిరిగే రకం.

“టైమింగ్ ఒక్కటీ అనుమానించకండి. నేనే లైటు పెట్టి చూశాను, పద్నాలుగు మీదే ఉందండీ” అన్నారు.

టైమింగ్ అంటే పిస్టన్ ఎక్కడ ఉండగా స్పార్క్ పడాలన్న లెక్క, డిగ్రీల్లో చెబుతారు. దాన్ని చూసే లైటు, ప్లగ్‌కి స్పార్క్ పోయినప్పుడల్లా మెరుస్తుంది. ఓనరుగారి మాట నమ్మి నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

ఇంజన్ 1960ల నాటిది. నాలుగు సిలిండర్లు, 1,800 సీసీకి దగ్గర, పాయింట్లతో (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంపే మొనలు) నడిచే డిస్ట్రిబ్యూటర్, అంటే ఒక్కో ప్లగ్‌కి వంతులవారీగా స్పార్క్ పంపే భాగం. చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్ల కోసం రూపొందించిన బ్యాటరీ, కాయిల్ పద్ధతే ఇది. మూలసూత్రం మారకుండా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చేదాకా నడిచింది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరుస, 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది. మాన్యువల్ ప్రకారం పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ఇంజన్ ఆగి ఉన్నప్పుడు టైమింగ్ టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) 10 డిగ్రీల ముందు, 600 ఆర్‌పీఎం దగ్గర లైటుతో చూస్తే 14. ఈ 10కీ 14కీ మధ్య ఉన్న 4 డిగ్రీల తేడాను గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ డిగ్రీల గొడవ ఎందుకో కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. స్పార్క్ పడగానే మిక్చర్ అంతా ఒకేసారి భగ్గుమనదు, మంట వ్యాపించడానికి కొంత సమయం కావాలి. పిస్టన్ పైకొచ్చి, కిందికి తిరిగిన కాసేపటికి, అంటే టీడీసీ దాటాక దాదాపు 15 డిగ్రీల దగ్గర, పీడనం గరిష్ఠానికి చేరితే మంచి లాగుడు ఉంటుంది. 600 ఆర్‌పీఎం మీద ఒక మిల్లీసెకనులో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 3.6 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 మీద అదే మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందు పడాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండే బరువులూ స్ప్రింగులూ చేసేది ఆ పనే. స్పార్క్ ఆలస్యమైతే మంట పిస్టన్‌ని తోయాల్సింది పోయి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఇంజన్ వేడెక్కుతుంది, బండి బరువుగా నడుస్తుంది. ఈ కారు లక్షణాలన్నీ సరిగ్గా అవే. అయినా నేను వాటిని పక్కన పెట్టాను, లైటు 14 చూపిస్తోంది కాబట్టి.

ముందు పాయింట్లు చూశాను. టైమింగ్ కంటే ముందు గ్యాప్ చూడాలన్నది మార్చకూడని వరుస. గ్యాప్ పెంచితే పాయింట్లు త్వరగా తెరుచుకుని స్పార్క్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. డ్వెల్, అంటే పాయింట్లు మూసి ఉండే కోణం, ఒక డిగ్రీ మారితే క్రాంక్ దగ్గర టైమింగ్ కూడా సుమారు ఒక డిగ్రీ మారినట్టే. టైమింగ్ పెట్టేశాక గ్యాప్ ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తాం. ఇక్కడ పాయింట్లు కొత్తవి, గ్యాప్ 0.38. వంక పెట్టడానికి ఏమీ లేదు.

లోడును బట్టి స్పార్క్‌ను జరిపే వాక్యూమ్ పైపు పీకి మూతి మూసి, ఒకటో నంబరు ప్లగ్ వైరుకు లైటు క్లిప్ తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాను. క్రాంక్ చివరనున్న పుల్లీ మీది గాడికి ఓనరుగారు తెల్ల పెయింటు పూసి ఉంచారు. టైమింగ్ కవర్ మీద 0, 5, 10, 15, 20 డిగ్రీలకు చిన్న ముళ్ళున్నాయి. తెల్ల గీత పదిహేను ముల్లుకు కాస్త ఇవతల కనిపించింది. పద్నాలుగే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ లైటులో తిరుగుతున్న ఫ్యాన్ ఆగిపోయినట్టు కనిపించవచ్చు. రెక్కలు నిశ్చలంగా, పట్టుకోవచ్చేమో అన్నట్టు ఉంటాయి. చొక్కా చేతులు మడిచి, లైటు వైర్లు ఫ్యాన్‌కి దూరంగా కట్టుకున్నాకే స్టార్ట్ చేయండి. ఎంత అనుభవమున్నా ఆ భ్రమ పోదు, నాకూ పోలేదు.

పద్నాలుగు చూశాక నేను టైమింగ్ వదిలేసి మిగతావాటి మీద పడ్డాను. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోందేమో చూశాను. కార్బురేటర్ మిక్చర్ చూశాను. వాల్వ్ గ్యాపులు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఇన్లెట్ మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ తగిలిస్తే ముల్లు కదలకుండా 14 అంగుళాల దగ్గర నిలబడింది. ఇలాంటి ఇంజన్ మంచి కండిషన్‌లో ఉంటే 18, 19 చూపాలి. ఎక్కడో వాల్వ్ పోతే ముల్లు అదురుతుంది. అదరకుండా కిందనే నిలబడిందంటే అనుమానించాల్సినవాటిలో ఆలస్యంగా పడే స్పార్క్ ఒకటి.

సరే, ఏమవుతుందో చూద్దామని డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ బోల్ట్ లూజ్ చేసి బాడీని గడియారం దిక్కుగా, అంటే రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా, మెల్లగా తిప్పాను. ఇంజన్ ఊపిరి పీల్చుకున్నట్టు స్పీడందుకుంది. ఐడ్లింగ్ స్క్రూ తగ్గించి మళ్ళీ 600కి తెచ్చాను. ఇంకాస్త తిప్పాను. గేజ్ 18కి వచ్చింది. సైలెన్సర్ మోత కూడా మారింది, పొడి దగ్గు పోయి గొంతు సవరించుకున్నట్టయింది. అప్పుడు లైటు పెట్టి చూస్తే తెల్ల గీత ఇరవై ముల్లు దాటి ఎక్కడో ఉంది. అంచనాగా 23.

ఈ ఇంజన్ ఐడ్లింగ్‌లో నిజంగా 23 డిగ్రీల మీద ఉంటే వేడిగా ఉన్నప్పుడు స్టార్టర్ తిరగడానికి మొరాయిస్తుంది. పిస్టన్ పైకొచ్చేలోపే మంట ఎదురు తన్ని, గుక్కపట్టినట్టు ఆగి ఆగి తిరుగుతుంది. ఇంజన్ ఆపి, రెండు నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేశాను. ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక్కి తన్నడం లేదు, తడబాటు లేదు.

లైటు 23 అంటోంది, ఇంజనేమో కాదంటోంది. అప్పుడు ఓనరుగారిని అడగాల్సిన ప్రశ్న అడిగాను. నిజానికి ఉదయమే అడగాల్సింది.

“ఈ బండి ఎప్పటి నుంచి ఇలా ఉందండీ?”

“లైటు కొన్న దగ్గర్నుంచీ అనుకోండి” అని నవ్వారు. అంతకుముందు ఒక పెద్దాయన చెవితో విని టైమింగ్ పెట్టేవారట. బండి బాగానే నడిచేదట. ఆయన పని మానేశాక డిస్ట్రిబ్యూటర్‌ని మరోచోట సర్వీసు చేయించి తెచ్చుకున్నారు. అదే రోజు కొత్త లైటుతో, మాన్యువల్లో ఉన్నట్టు సరిగ్గా 14కి పెట్టారు. బండికి నీరసం ఆ రోజే మొదలైంది.

లైటు అబద్ధమాడదు. ప్లగ్ వైరులో కరెంటు పోయిన క్షణాన వెలుగుతుంది, అంతే దాని పని. ఆ వెలుగులో మనం చదివేది పుల్లీ మీది గాడిని. ఒకటో పిస్టన్ టీడీసీలో ఉన్నప్పుడు ఆ గాడి సున్నా ముల్లుకు ఎదురుగా ఉంటుందన్న నమ్మకం మీదే లెక్కంతా నిలబడింది. ఆ నమ్మకాన్ని ఎవరూ పరీక్షించలేదు, నాతో సహా.

బ్యాటరీ వైరు తీసేసి, నాలుగు ప్లగ్‌లూ విప్పాను. పాత ప్లగ్ ఒకదాని పింగాణీ కొట్టేసి, లోపల మర చేసి, గుండ్రటి మొన ఉన్న బోల్టు బిగించిన స్టాపర్ ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని ఒకటో సిలిండర్‌లో ప్లగ్ ఉండాల్సిన చోట బిగించాను. పిస్టన్ పైదాకా రాకుండా అది అడ్డుపడుతుంది. స్టాపర్ ఉన్నప్పుడు స్టార్టర్‌తో తిప్పకూడదు, పిస్టన్ తలకు బొక్క పడుతుంది. బ్యాటరీ వైరు తీయడం అందుకే. స్పానర్‌తో చేత్తో క్రాంక్‌ని మెల్లగా తిప్పితే ఒకచోట మెత్తగా తగిలి ఆగింది. సున్నా ముల్లుకు ఎదురుగా పుల్లీ మీద సన్నటి పెన్సిల్ గీత గీశాను. ఇప్పుడు ఎదురు దిక్కులో, ఇంచుమించు పూర్తి చుట్టు తిప్పాను. మళ్ళీ తగిలి ఆగింది. అక్కడ ఇంకో గీత. పిస్టన్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే ఎత్తులో ఆగింది కాబట్టి అసలైన టీడీసీ ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్యలో ఉండి తీరాలి. ఇందులో ఊహకు చోటు లేదు.

కాగితం పట్టీని అంచు చుట్టూ పెట్టి కొలిచాను. రెండు గీతల మధ్య దగ్గరి దూరం 92 మి.మీ. సగం 46. అక్కడ గీత గీసి ఫ్యాక్టరీ గాడి ఎక్కడుందా అని చూశాను. గాడి నా గీత కంటే 12 మి.మీ. వెనకబడి ఉంది. పుల్లీ వ్యాసం 150 మి.మీ., చుట్టుకొలత 471, అంటే ఒక డిగ్రీకి 1.31 మి.మీ. పన్నెండు మిల్లీమీటర్లంటే తొమ్మిది డిగ్రీలు.

పిస్టన్ నిజంగా టీడీసీలో ఉన్నప్పుడు గాడి ఇంకా తొమ్మిది డిగ్రీల దూరంలోనే ఉందన్నమాట. కాబట్టి లైటులో 14 కనిపిస్తే అసలు టైమింగ్ 5. నన్ను కంగారు పెట్టిన 23 అసలు 14. ఇంజన్ ఉదయం నుంచీ నిజమే చెబుతోంది.

గాడి ఎలా జరిగిందో అర్థం కావడానికి టార్చిలైటు చాలింది. ఈ పుల్లీ ఒకే ముక్క కాదు. క్రాంక్‌కి బిగిసి ఉండే హబ్ లోపల, అదురును మింగడానికి బరువైన రింగు బయట, రెండింటినీ పట్టి ఉంచే రబ్బరు మధ్యలో. గాడి ఉన్నది బయటి రింగు మీద. ఏళ్ళ తరబడి వేడీ ఆయిలూ తాగి రబ్బరు చచ్చిపోయింది. క్రాంక్ ముందుకు లాగుతుంటే, బెల్టు బరువు మోసే రింగు కొంచెం కొంచెంగా వెనక్కి జారింది. ఒకచోట రబ్బరు పెదవిలా బయటికి ఉబికి ఉంది. ముందే వంగి చూసి ఉంటే పూట కలిసొచ్చేది.

అనుమానం నిలిచిపోకూడదని హబ్ మీద, రబ్బరు మీద, రింగు మీద ఒకే తిన్నటి తెల్లగీత అడ్డంగా గీశాను. టైమింగ్‌ని అసలు 14కి పెట్టి, దగ్గర్లోనే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తెచ్చాం. వేడి ముల్లు సగం దాటలేదు. ఓనరుగారి మొహం వెలిగింది. కానీ బానెట్ ఎత్తి చూస్తే గీత రబ్బరు దగ్గర విరిగి ఉంది, రింగు వైపు భాగం ఒక మిల్లీమీటరు వెనక్కి. ఇంకా జారుతూనే ఉంది. అలాంటి రింగు ఒకరోజు పూర్తిగా ఊడి ముందున్న రేడియేటర్‌ని చీల్చగలదు. గాడి ఎక్కడుందో తెలిసింది కదా అని కొత్త గుర్తు పెట్టుకుని తిరిగేవాళ్ళను చూశాను. నేనైతే ఒప్పుకోను. కొత్త డాంపర్ పుల్లీ వచ్చేదాకా బండిని కదపవద్దన్నాను.

కొత్తది బిగించాక దాన్ని కూడా స్టాపర్ పెట్టి పరీక్షించాను. గాడి సరిగ్గా సున్నా దగ్గరే ఉంది. కేసు ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఈసారి మొదటి నుంచీ వరసగా పోదామని, ఆగి ఉన్న ఇంజన్ మీద బల్బుతో పెట్టాను. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉందో లేదో తేల్చుకోవడానికి, నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నాయా అని చూస్తే చాలు. ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉంటే ఒకటో నంబరు స్పార్క్‌కి సిద్ధంగా ఉన్నట్టు. పుల్లీని 10 ముల్లుకు తెచ్చాను. ఎప్పుడూ ఇంజన్ తిరిగే దిక్కులోనే తిప్పి తేవాలి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు రావాలి, లేకపోతే టైమింగ్ చైను వదులు లెక్కలో కలిసిపోతుంది. పన్నెండు వోల్టుల చిన్న బల్బుకి ఒక వైరు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే టెర్మినల్ దగ్గర, ఇంకొకటి ఇంజన్ బాడీకి. తాళం ఆన్. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ కరెంటు వాటి గుండా పోతుంది, బల్బు వెలగదు. రోటర్‌ని అది తిరిగే దిక్కుకు ఎదురుగా వేలితో కొంచెం నొక్కిపట్టి, డిస్ట్రిబ్యూటర్ బాడీని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా గడియారం దిక్కుకు తిప్పాలి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిపోయిన క్షణం. అక్కడ ఆపి క్లాంప్ బిగించాను. బిగించేటప్పుడు బాడీ కదిలిపోతుంది, కాబట్టి ఇంకోసారి చూడాలి. పని అవగానే తాళం ఆపేయాలి. పాయింట్లు మూసి ఉండగా వదిలేస్తే కాయిల్ కాలుతుంది.

బల్బు ప్రకారం కచ్చితంగా 10. ఇంజన్ స్టార్ట్ చేసి లైటు పెట్టాను. 14 రావాలి. 18 వచ్చింది, అదీ నిలకడగా కాదు. గీత 16కీ 20కీ మధ్య ఊగుతోంది, దాంతో పాటే ఐడ్లింగ్ కూడా పైకీ కిందికీ ఊగుతోంది.

గుర్తును ఈసారి అనుమానించే పని లేదు. ఆగి ఉన్న ఇంజన్‌కీ 600 ఆర్‌పీఎంకీ మధ్య అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) 4 డిగ్రీలు కావాల్సింది 8 వస్తోందంటే, లోపలి బరువులు తొందరపడి విచ్చుకుంటున్నట్టే. రోడ్డు మీద అదే తేలింది. టాప్ గేరులో 40 కిలోమీటర్ల స్పీడులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు మోత. ఆ గేరులో ఆ స్పీడంటే 1,400 ఆర్‌పీఎం చుట్టుపక్కల. స్పార్క్ మరీ ముందు పడితే వచ్చే ఆ మోతను భరించి నడపకూడదు, పిస్టన్లు పోతాయి.

వెనక్కి వచ్చి పుల్లీ మీద కాగితం పట్టీ అంటించాను. గాడి దగ్గర్నుంచి ఇంజన్ తిరిగే దిక్కుకే 13.1 మి.మీ. దగ్గర 10, 26.2 దగ్గర 20, 39.3 దగ్గర 30. ఓనరుగారు ఆర్‌పీఎం చదువుతుంటే నేను సున్నా ముల్లు దగ్గర పట్టీ చదివాను. 1,000 దగ్గర 26. 1,300 వచ్చేసరికి 30, ఆ తర్వాత ఎంత తొక్కినా 30 దాటలేదు. మాన్యువల్ ప్రకారం ఆ 30 రావాల్సింది 2,200 దగ్గర. గమ్యం సరైనదే, వెళ్ళే తొందరే తప్పు.

డిస్ట్రిబ్యూటర్ తీసి, పాయింట్ల ప్లేటు ఎత్తి చూస్తే బరువుల మీద రెండు స్ప్రింగులూ ఒకేలా ఉన్నాయి. రెండూ పల్చనివి. ఈ రకంలో ఉండాల్సింది ఒక పల్చటిది, ఒక మందపాటిది. మందపాటిదాని కొక్కెం పొడుగ్గా, వదులుగా ఉంటుంది. మొదట్లో పల్చటిదొక్కటే బరువుల్ని పట్టుకుంటుంది, స్పీడు పెరిగి ఆ వదులు తీరాక రెండోది అందుకుంటుంది. వదులుగా వేలాడే స్ప్రింగును చూసి సాగిపోయిందనుకుని తీసేయడం నేను ఇంతకుముందూ చూశాను. సర్వీసు చేసిన చేతులు బహుశా అలాగే అనుకుని ఉంటాయి.

ఇన్నాళ్ళూ ఈ మోత ఎందుకు వినపడలేదు? జారిన గుర్తు టైమింగ్‌ని తొమ్మిది డిగ్రీలు వెనక్కి లాగింది కాబట్టి. స్ప్రింగుల తొందరను ఆ ఆలస్యం కప్పేసింది. ఒక తప్పు ఇంకో తప్పుకు దుప్పటి కప్పి పడుకోబెట్టిందన్నమాట. నేను మొదటిదాన్ని సరిచేయగానే రెండోది లేచి కూర్చుంది. ఇలాంటప్పుడు కస్టమరు “మీరు ముట్టుకున్నాకే మోత మొదలైంది” అంటే తప్పు పట్టలేం. అదృష్టవశాత్తూ ఈయన అనలేదు. పట్టీ మీద అంకెలు చదివినప్పుడు పక్కనే ఉన్నారు కదా.

సరైన జత వేసి, షాఫ్ట్ మీది ఫెల్టుకు రెండు చుక్కల ఆయిల్ వేసి బిగించాను. బల్బుతో 10. లైటుతో 600 దగ్గర 14, 1,600 దగ్గర 25, 2,200 దగ్గర 30. గీత రాయిలా నిలబడింది. ఊగే ఐడ్లింగ్ కూడా దానంతటదే కుదుటపడింది. వాక్యూమ్ పైపు నోటితో పీలిస్తే లోపలి ప్లేటు కదిలి, నాలుక అడ్డుపెట్టినంతసేపూ అలాగే ఆగింది. డయాఫ్రమ్ బాగుంది. చైను వదులు కూడా చూశాను, పట్టించుకునేంత లేదు.

ఎత్తు మీద మళ్ళీ ప్రయత్నిస్తే మోత దాదాపు పోయింది, పూర్తిగా కాదు. ఎక్కువ లోడులో ఒకటి రెండు సార్లు టిక్కుమంది. మాన్యువల్ అంకెలు ఆ రోజుల్లో ఈ ఇంజన్‌కి చెప్పిన ఎక్కువ ఆక్టేన్ (ఈ మోతను బాగా తట్టుకునే) పెట్రోలును దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇప్పుడు ట్యాంకులో పోసేది అది కానప్పుడు ఆ అంకెల్ని వేదంలా పట్టుకోవడంలో అర్థం లేదు. రెండు డిగ్రీలు వెనక్కి పెట్టాను: ఆగి ఉన్నప్పుడు 8, ఐడ్లింగ్‌లో 12, గరిష్ఠంగా 28. టిక్కు పోయింది. వాక్యూమ్ గేజ్ అర అంగుళం కూడా తగ్గలేదు.

కొత్త పుల్లీ మీద కూడా హబ్ నుంచి రింగు దాకా తెల్లగీత ఒకటి గీసి ఇచ్చాను. ఆయిల్ మార్చినప్పుడల్లా లైటు తీసే ముందు ఆ గీత ఒకసారి చూడమన్నాను. మొదటి సర్వీసుకు ఓనరుగారు తెచ్చినప్పుడు గీత తిన్నగానే ఉంది. మాన్యువల్లో 14 అని ఉన్నచోట పక్కనే పెన్సిల్‌తో 12 అని రాసుకున్నారు.